‘సరిగ్గా’ అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో ఎన్ని దారులు

“నిన్ననే చెప్పాను” అన్న చిన్న తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చమంటే, ఆ భాష బాగా వచ్చినవారు సైతం ఒక్క క్షణం ఆగుతారు. ‘నిన్న’కు ‘యెస్టర్‌డే’ ఉంది, ‘చెప్పాను’కు ‘టోల్డ్’ ఉంది. చిక్కంతా ‘నిన్న’ చివర అతుక్కుని ఉన్న ‘ఏ’ అనే అచ్చుతో వస్తుంది. చెప్పి ఎన్నో రోజులు కాలేదన్న అర్థంలో అయితే అది ‘ఓన్లీ యెస్టర్‌డే’ అవుతుంది. మొన్నా కాదు, ఇవాళా కాదు, నిన్న అని తేల్చి చెప్పాలంటే ‘ఇట్ వాజ్ యెస్టర్‌డే దట్’ అంటూ వాక్యాన్నే తిప్పి కట్టాలి. ఆలస్యం చేయలేదని సమర్థించుకునేటప్పుడు ‘యెస్టర్‌డే ఇట్సెల్ఫ్’ అనడం హైదరాబాదులో రోజూ వినిపిస్తుంది గానీ లండన్‌లో అలా అనరు. అంటే తెలుగు ఒక్క అచ్చుతో నెరవేర్చే పనిని ఇంగ్లీషు అరడజను క్రియా విశేషణాలకు పంచిపెట్టి, ఏ సందర్భంలో ఏది వాడాలో ఎంచుకునే బాధ్యతను మాట్లాడేవారి మీద పెట్టింది. సామ్యాన్నీ కచ్చితత్వాన్నీ చెప్పే ఇంగ్లీషు మాటల విషయంలో తెలుగువారు తడబడేది పదాలు తెలియక కాదు, ఈ ఎంపిక అలవాటు లేక.

తెలుగు వ్యాకరణం ఈ ‘ఏ’ని అవధారణార్థకం అంటుంది. అవధారణం అంటే ఇదే అని నిర్ధారించడం. దీని బలం ఏ పదానికి తగిలిస్తే ఆ పదం మీద మాత్రమే పడుతుంది. “నేనే నిన్న సుజాతను చూశాను” అంటే చూసింది మరొకరు కాదు. “నేను నిన్ననే సుజాతను చూశాను” అంటే చూసింది మరో రోజు కాదు. “నేను నిన్న సుజాతనే చూశాను” అంటే చూసింది ఆమె చెల్లెలిని కాదు. “చూడనే చూశాను” అంటే చూశానా లేదా అన్న ప్రశ్నకే తావు లేదు. నాలుగు వాక్యాల్లో పదాలు దాదాపు అవే. అచ్చు ఒక్కటే చోటు మారింది. ఇంగ్లీషులో ‘ఐ ఓన్లీ సా సుజాత యెస్టర్‌డే’ అని రాస్తే, కాగితం మీద ఆ ‘ఓన్లీ’ చూడటానికి సంబంధించినదో, సుజాతకు సంబంధించినదో, నిన్నటికి సంబంధించినదో తేలదు. మాట్లాడేటప్పుడు గొంతు ఏ పదం మీద ఒత్తు పెడితే దాన్ని బట్టి గ్రహిస్తారు. రాతలో ఆ గొంతు ఉండదు కనుకనే ‘ఓన్లీ’ని అది వర్తించే పదానికి ఆనుకుని ముందు ఉంచమని ఇంగ్లీషు రచనా పాఠాలు పదే పదే చెబుతాయి. తెలుగుకు ఆ పాఠం అక్కర్లేదు, ‘ఏ’ తాను వర్తించే పదాన్ని వదిలి దూరంగా నిలబడనే నిలబడదు కాబట్టి.

హైదరాబాదు విషయంలో మరొక సంగతి కలుస్తుంది. ఇక్కడ ఎక్కువగా మాట్లాడే భాషల్లో కచ్చితత్వం పదం తర్వాతే వస్తుంది. తెలుగులో “గట్లనే”, “గదే”, “గంతే” అన్నా, ఉర్దూలో ‘హీ’ చేర్చి “వైసా హీ” అన్నా, పాతబస్తీ దక్కనీలో ‘ఇచ్’ తగిలించి “ఐసాఇచ్” అన్నా వరస ఒకటే: ముందు పదం, వెనక తోక. దక్కనీ ‘ఇచ్’ మరాఠీలోని ‘చ’ ప్రత్యయం నుంచి వచ్చిందని భాషా శాస్త్రం చెబుతుంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైన నగరం ఇది. 1958లో ఇంగ్లీషు బోధన కోసమే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వెలసిన నగరమూ ఇదే. ఇన్ని భాషల తోకలకు అలవాటు పడిన నాలుక ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ‘టుడే ఓన్లీ’, ‘హియర్ ఓన్లీ’, ‘హీ ఈజ్ లైక్ దట్ ఓన్లీ’ అనడం అజ్ఞానం వల్ల జరిగే పొరపాటు కాదు. “ఇవాళే”, “ఇక్కడే”, “వాడంతే” అన్న మాటల లోపలి కట్టడం చెక్కుచెదరకుండా ఇంగ్లీషులోకి నడిచి రావడం వల్ల అలా జరుగుతుంది. దానిని తప్పు అని కొట్టివేయడం కన్నా, వినేవారు ఎవరన్నదాన్ని బట్టి మార్చుకోవలసిన అలవాటుగా చూడటం న్యాయం. సికింద్రాబాదులో ఉండే శ్రోతకు ‘టుడే ఓన్లీ’ అంటే “ఇవాళే వస్తాను, రేపటికి వాయిదా వేయను” అని అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లోని శ్రోతకు మాత్రం “ఈ ఒక్క రోజే, రేపటి నుంచి ఉండదు” అన్న అంగడి ప్రకటనలా వినిపిస్తుంది.

‘ఓన్లీ’ పుట్టుక తెలిస్తే దానికీ తెలుగుకూ ఉన్న చుట్టరికం ఇంకా స్పష్టమవుతుంది. ప్రాచీన ఇంగ్లీషులో ‘ఆన్’ అంటే ఒకటి, ‘లీచ్’ అంటే ఒడలు, రూపం. ఆ రెండూ కలిసిన ‘ఆన్లీచ్’ నేటి ‘ఓన్లీ’ అయింది. తెలుగులో ‘ఒక’కు ‘ఏ’ చేర్చితే ‘ఒకే’ అయినట్టే అక్కడా ఒకటి నుంచే ఏకైకత పుట్టింది. బ్యాంకు చెక్కు మీద మొత్తాన్ని అక్షరాల్లో రాసి చివర ‘ఓన్లీ’ అనీ, తెలుగులో అయితే ‘మాత్రమే’ అనీ రాసే అలవాటు ఈ అర్థాన్ని చక్కగా నిలిపి ఉంచింది. పది వేల రూపాయలు మాత్రమే అంటే పదివేలు చిన్న మొత్తమని కాదు, దాని తర్వాత మరో అంకె లేదని. ‘మాత్ర’ అంటే కొలత. ‘మాత్రమే’ అంటే ఈ కొలతే, దీనికి మించి లేదు అని. అదే మాట ‘ఏ’ని వదులుకుంటే అర్థం పూర్తిగా పక్కకు తిరుగుతుంది: “నేను మాత్రం రాను” అన్నప్పుడు కొలత లేదు, ఇతరులతో తేడా మాత్రమే ఉంది. అశోక్‌నగర్‌లోనూ చిక్కడపల్లిలోనూ పోటీ పరీక్షలకు చదివే వేలమందికి “1, 2 మాత్రమే” అన్న జవాబు ఎంత కీలకమో తెలుసు. అక్కడ ‘మాత్రమే’ను చూడకుండా దాటిపోతే మార్కు పోతుంది. ఇక “కేవలం 1 మాత్రమే” అని ముందొకటి వెనకొకటి రాయడం తరచూ కనిపిస్తుంది. ‘కేవలం’ ఇంగ్లీషు ‘ఓన్లీ’లా ముందు నిలుస్తుంది, ‘మాత్రమే’ తెలుగు తోకలా వెనక నిలుస్తుంది. రెండూ కలిపి వాడటం అనవసరమైన రెట్టింపు.

‘ఎగ్జాక్ట్‌లీ’ దగ్గరకు వస్తే, దీనికి మూలమైన లాటిన్ క్రియకు బయటికి నడిపించడం, గట్టిగా అడిగి రాబట్టడం, ప్రమాణంతో పోల్చి తూచడం అనే అర్థాలు ఉన్నాయి. ఇంగ్లీషులో ‘ఎగ్జాక్ట్’ క్రియగా నేటికీ ముక్కుపిండి వసూలు చేయడాన్ని చెబుతుంది. క్రియా విశేషణంలో తూకం అర్థమే మిగిలింది. అందుకే ‘ఎగ్జాక్ట్‌లీ’ వచ్చిన ప్రతిచోటా ఒక కొలబద్ద ఉంటుంది: ఒక అంకె, ఒక మాట, ఒక నమూనా, ఒక హద్దు. చెప్పినది ఆ కొలబద్దకు హెచ్చూ తగ్గూ లేకుండా సరిపోయిందని అది ధ్రువీకరిస్తుంది. కొలబద్ద ఏదో ముందే తేలకపోతే ‘ఎగ్జాక్ట్‌లీ’కి అర్థమే ఉండదు. సికింద్రాబాదు పాట్ మార్కెట్‌లో తులం బంగారం అంటే పది గ్రాములు. పాత లెక్కలో తులం సుమారు 11.66 గ్రాములు. “సరిగ్గా తులం” అన్న మాట ఒకటే అయినా, పెళ్లినాటి నగ గురించి మాట్లాడే అమ్మమ్మకూ, నిన్న రసీదు రాసిన దుకాణదారుకూ మధ్య గ్రామున్నరకు పైగా తేడా వస్తుంది. కొలబద్ద మారింది, ‘సరిగ్గా’ మారలేదు.

‘ఎగ్జాక్ట్‌లీ’కి రెండు విశేషమైన వాడుకలు ఉన్నాయి. ప్రశ్నలో చేరినప్పుడు అది ఎదుటివారిని గట్టిగా నిలదీస్తుంది: ‘వాట్ ఎగ్జాక్ట్‌లీ హ్యాపెన్డ్’ అంటే “అసలేం జరిగింది” అని. ఇక్కడ తెలుగులో పలికేది ‘సరిగ్గా’ కాదు, ‘అసలు’. నిఘంటువు పట్టుకుని “సరిగ్గా ఏం జరిగింది” అని అనువదిస్తే తప్పు కాదు గానీ, తెలుగువారు అలా అడగరు. రెండోది, ‘నాట్’తో కలిసినప్పుడు ఇది కచ్చితత్వాన్ని వదిలి మర్యాద వైపు మళ్లుతుంది. ‘నాట్ ఎగ్జాక్ట్‌లీ రిచ్’ అంటే “సరిగ్గా ధనవంతుడు కాదు” అని కాదు, “అంత ఉన్నవాడేం కాదు” అని. కాదని మొహాన చెప్పకుండా చెప్పే పద్ధతి అది. దానికి తెలుగులో ‘అంత’, ‘ఏం’ అన్న రెండు చిన్న పదాలు చాలు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లేటప్పుడు ఈ ‘అంత’ను ‘దట్ మచ్’ అని మార్చేవారు ఎక్కువ, ‘నాట్ ఎగ్జాక్ట్‌లీ’ని వాడేవారు తక్కువ.

‘ప్రిసైస్‌లీ’ది వేరే కుదురు. దాని లాటిన్ మూలానికి ముందు భాగాన్ని కోసివేయడమనే అర్థం ఉంది. తూచడం ఒకటి, తరగడం ఇంకొకటి. ఎక్కువ తక్కువలు లేవని ‘ఎగ్జాక్ట్‌లీ’ చెబితే, చుట్టూ ఉన్న అనవసరమంతా తెగిపోయి ఇదొక్కటే మిగిలిందని ‘ప్రిసైస్‌లీ’ చెబుతుంది. అందుకే కారణాలను చెప్పేటప్పుడు ‘ప్రిసైస్‌లీ బికాజ్’ అన్న జంట అంత సహజంగా కుదురుతుంది. “చదువు లేకపోవడం వల్లనే ఆయన పిల్లలను చదివించాడు” అన్న వాక్యంలోని ‘వల్లనే’కు ఇంగ్లీషులో సరితూగేది అదే. ఇక్కడా తెలుగులో పని చేసింది ఆ పాత ‘ఏ’నే.

శాస్త్ర రంగంలో ‘యాక్యురేట్‌లీ’కీ ‘ప్రిసైస్‌లీ’కీ మధ్య గీత ఇంకా పదునుగా ఉంటుంది. కొలిచిన విలువ అసలు విలువకు దగ్గరగా ఉండటం మొదటిది. మళ్లీ మళ్లీ కొలిచినా విలువలు ఒకదానికొకటి దగ్గరగా రావడం, సూక్ష్మ భాగాల వరకు చెప్పగలగడం రెండోది. యథార్థత, సునిశితత్వం అన్న తెలుగు మాటలు ఈ రెంటికీ బాగా సరిపోతాయి. రెండింటికీ ‘కచ్చితత్వం’ అని రాసి సరిపెట్టుకోవడం వల్లనే విద్యార్థులకు తేడా అందకుండా పోతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం ముందు మధ్యాహ్నం పన్నెండు కాబోతుండగా జనం బల్లల మీద కూర్చుని ఎదురుచూస్తారు. చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి పన్నెండు దెబ్బలు కొట్టి వెళ్తాడు. ఆ గుంపులో ఒకరు తన చేతి గడియారం చూసి పన్నెండు గంటల ఏడు నిమిషాల ముప్పై రెండు సెకన్లు అని చెప్పారనుకుంటే, ఆ మాటలో సునిశితత్వం నిండుగా ఉంది, యథార్థత లేదు. పక్కన ఉన్నవారు “పన్నెండు కావస్తోంది” అంటే యథార్థత ఉంది, సునిశితత్వం లేదు. గంట మోగే వేళను చెప్పడానికి ఇంగ్లీషులో ‘ట్వెల్వ్ షార్ప్’ అనీ, ‘ఆన్ ద డాట్’ అనీ కూడా అంటారు. ‘షార్ప్’ గంట తర్వాత రావాలి, ముందు కాదు. తెలుగువారు చేసే సామాన్యమైన పొరపాటు మాత్రం వేరొకటి. “కరెక్ట్‌గా తొమ్మిదింటికి” అన్న ఇంటి మాటను తిరిగి ఇంగ్లీషులోకి పంపి ‘కరెక్ట్‌లీ ఎట్ నైన్’ అంటారు. ఇంగ్లీషులో ‘కరెక్ట్‌లీ’ తప్పు లేకుండా చేయడానికి సంబంధించినది, గంటకు సంబంధించినది కాదు. ఆ చోట ‘ఎగ్జాక్ట్‌లీ’ ఉండాలి. నెల మొదటి తారీఖున ఠంచనుగా అద్దె కట్టేవారి గురించి చెప్పాలంటే ‘పంక్చువలీ’ లేదా ‘ప్రాంప్ట్‌లీ’. ‘ఠంచను’లో ఉన్న క్రమశిక్షణ వాసన ‘ఎగ్జాక్ట్‌లీ’లో లేదు.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరే మాట ‘జస్ట్’. లాటిన్‌లో చట్టాన్నీ ధర్మాన్నీ చెప్పే మాట నుంచి ఇది పుట్టింది. న్యాయమైనది, తగినది, అతికినట్టు సరిపోయినది అంటూ క్రమంగా కచ్చితత్వంలోకి జారింది. అయితే ఆ జారుడు అక్కడ ఆగలేదు. ‘జస్ట్ యాజ్ ఐ సెడ్’ అంటే “నేను చెప్పినట్టే”. ‘జస్ట్ లెఫ్ట్’ అంటే “ఇప్పుడే వెళ్లాడు”. ‘జస్ట్ పాస్డ్’ అంటే “బొటాబొటిగా గట్టెక్కాడు”. ‘జస్ట్ ఎ బాయ్’ అంటే “వట్టి పిల్లవాడు”. ‘జస్ట్ అబౌట్’ అంటే “దాదాపు”. కచ్చితమైనదాని నుంచి కచ్చితానికి కొంచెం ఇవతల ఉన్నదాని వరకు ఒకే మాట పాకింది. ఈ పాకుడుకు కారణం ఊహించలేనిది కాదు. హద్దును సరిగ్గా తాకినది హద్దును దాటి ఎక్కువ దూరం పోలేదు. ఎక్కువ దూరం పోలేదు అంటే కొద్దిలో గట్టెక్కింది. కొద్దిలో గట్టెక్కింది అంటే అంత మాత్రమే, అంతకు మించి లేదు. పాస్ కావడానికి ముప్పై అయిదు మార్కులు కావలసినచోట ముప్పై అయిదే వచ్చిన విద్యార్థి విషయంలో ఈ మూడు అర్థాలూ ఒక్క చోటే కలుస్తాయి: సరిగ్గా ముప్పై అయిదు, బొటాబొటిగా పాస్, అంతకన్నా ఒక్క మార్కూ లేదు.

ఇందులో తెలుగువారికి సంబంధించిన మెలిక ఒకటి ఉంది. వాడుక తెలుగు ‘జస్ట్’ను ఎప్పుడో అరువు తెచ్చుకుంది. “జస్ట్ మిస్”, “జస్ట్ పాసయ్యాడు”, “జస్ట్ ఊరికే అడిగాను” అన్న మాటలు హైదరాబాదు ఇళ్లలో ఇంగ్లీషు రానివారి నోట కూడా పలుకుతాయి. కానీ అరువు వచ్చినది బొటాబొటి అర్థం, ఊరికే అన్న అర్థం మాత్రమే. కచ్చితత్వపు అర్థం రాలేదు; ఆ పనికి ‘ఎగ్జాక్ట్‌గా’, ‘కరెక్ట్‌గా’ అన్న వేరే మాటలను తెచ్చుకున్నాం. ఫలితంగా ‘దట్ ఈజ్ జస్ట్ వాట్ షీ వాంటెడ్’ అన్న వాక్యం ఎదురైనప్పుడు, “ఆమె కోరుకున్నది అంతే, ఎక్కువేం కాదు” అని తక్కువ చేసి చదివేవారు కనిపిస్తారు. రచయిత ఉద్దేశం “ఆమె కోరుకున్నది సరిగ్గా అదే” అని. అరువు మాట సగం అర్థంతో వచ్చి, మిగతా సగాన్ని కప్పివేస్తుంది.

చోటు మారినా ‘జస్ట్’ అర్థం తలకిందులవుతుంది. ‘నాట్ జస్ట్ రైట్’ అంటే “పూర్తిగా కుదరలేదు”, ‘జస్ట్ నాట్ రైట్’ అంటే “ఇది ఎంతమాత్రం తగదు”. మొదటిది దర్జీ దగ్గర అనే మాట, రెండోది అన్యాయం చూసినప్పుడు అనే మాట. కాలం విషయంలోనూ రెండు దేశాల వాడుక వేరు: అప్పుడే భోజనం చేసిన సంగతిని బ్రిటన్‌లో ‘ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్’ అంటారు, అమెరికాలో ‘ఐ జస్ట్ ఏట్’ అన్నా సరిపోతుంది. తెలుగు ‘ఇప్పుడే’ ఇంకా విశాలమైనది, వెనక్కీ ముందుకీ చూస్తుంది. “ఇప్పుడే వచ్చాడు” అన్నప్పుడు గడిచిన క్షణం, “ఇప్పుడే వస్తాను” అన్నప్పుడు రాబోయే క్షణం. ఇంగ్లీషులో వెనక్కి చూసేది ‘జస్ట్’, ముందుకు చూసేది ‘రైట్ నౌ’ లేదా ‘రైట్ అవే’. ఒకదాని చోట మరొకటి ఒదగదు.

కచ్చితత్వం నుంచి సామ్యానికి వస్తే, ‘సేమ్’ అన్న మాట తెలుగువారికి పరాయిదిగా కనిపించినా దాని తోబుట్టువు మన ఇంట్లోనే ఉంది. స్కాండినేవియా వారి ప్రాచీన నార్స్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ‘సేమ్’, తెలుగు సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘సమ’, లాటిన్ ద్వారా వచ్చిన ‘సిమిలర్’, గ్రీకులో సామ్యాన్ని చెప్పే ‘హోమో’ అన్నీ ఇండో యూరోపియన్ భాషా కుటుంబంలో ‘ఒకటి’ అని అర్థమిచ్చే ఒకే ధాతువు సంతానం. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండి ఉంటుందని న్యాయమూర్తి విలియం జోన్స్ కలకత్తాలో 1786లో చెప్పిన మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. తెలుగు ఆ కుటుంబానిది కాదని, ద్రావిడ భాషలది వేరే వంశమని మద్రాసులోని ఇంగ్లీషు అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో చూపించాడు. అయినా ‘సమానం’ మన మాటగా స్థిరపడింది కనుక, దూరపు చుట్టమైన ‘సేమ్’ వచ్చి హైదరాబాదు నోట “సేమ్ టు సేమ్”గా మారి “అచ్చం”, “ముమ్మూర్తులా”, “అచ్చుగుద్దినట్టు” అన్న పాత మాటల పక్కన చేరింది. “డిట్టో”దీ అదే దారి. ఇటాలియన్‌లో ‘చెప్పబడినది’ అని అర్థమిచ్చే మాట ఇంగ్లీషులోకి చేరి, ఇప్పుడు “డిట్టో దింపేశాడు” అన్న తెలుగు వాక్యంలో స్థిరపడింది.

‘సేమ్’ విషయంలో గుర్తుంచుకోవలసిన లోపం ఒకటి ఇంగ్లీషులోనే ఉంది. ఇద్దరు అన్నదమ్ములు ‘ద సేమ్ షర్ట్’ వేసుకున్నారంటే, ఒకే చొక్కాను వంతులవారీగా వేసుకున్నారో, ఒకేలాంటి రెండు చొక్కాలు వేసుకున్నారో తెలియదు. తెలుగులో ‘ఒకే చొక్కా’ వేరు, ‘ఒకేలాంటి చొక్కాలు’ వేరు. వస్తువు ఒకటే కావడానికీ, రూపం ఒకటే కావడానికీ మధ్య తత్వశాస్త్రం గీసే గీతను తెలుగు ‘లాంటి’ అన్న చిన్న మాటతో గీసి చూపుతుంది. ఇంగ్లీషు ఆ తేడా చూపాలంటే ‘వన్ అండ్ ద సేమ్’ అని ఒక వైపు, ‘ఐడెంటికల్’ లేదా ‘అలైక్’ అని మరో వైపు వెతుక్కోవాలి. ఈ ఒక్క విషయంలో తెలుగుదే పైచేయి అనడానికి సంకోచించనక్కర్లేదు.

సామ్యపు మాటల్లో మోతాదు ఉండేవీ లేనివీ ఉన్నాయి. ‘సిమిలర్’కు మోతాదు ఉంది కనుక ‘వెరీ సిమిలర్’ అనవచ్చు. ‘సేమ్’కూ ‘ఐడెంటికల్’కూ మోతాదు లేదు, అవి ‘ఎగ్జాక్ట్‌లీ’, ‘ఆల్మోస్ట్’, ‘నియర్లీ’ వంటి మాటలను రానిస్తాయి గానీ ‘చాలా’ అన్న అర్థంలో ‘వెరీ’ని రానివ్వవు. మన దగ్గర తరచూ రాసే ‘ఎగ్జాక్ట్‌లీ సిమిలర్’ ఇంగ్లీషు పాఠకుడిని ఇబ్బంది పెట్టేది ఇందుకే: కేవలం పోలిక ఉన్నదానికి తూకం అంటగట్టడం కుదరదు. అలాగే ‘ఈక్వలీ యాజ్ గుడ్’ అన్నది ఒకే పనికి ఇద్దరిని పెట్టడం. ‘ఈక్వలీ గుడ్’ చాలు, లేదా ‘జస్ట్ యాజ్ గుడ్’ చాలు. ‘అలైక్’ నామవాచకం ముందు నిలవదు, క్రియ తర్వాతే నిలుస్తుంది. ‘లైక్‌వైజ్’ ఒకరు చేసిన పనినే మరొకరు చేయడాన్ని చెబితే, ‘సిమిలర్లీ’ రెండు సంగతుల మధ్య పోలికను చెబుతుంది.

‘అలైక్’, ‘ఈక్వలీ’ మధ్య తేడా వ్యాకరణంతో ముగిసిపోయేది కాదు. రాజ్యాంగం 14వ అధికరణ చట్టం ముందు సమానత్వాన్నీ, చట్టాల సమాన రక్షణనూ హామీ ఇచ్చింది. దానిని వివరిస్తూ న్యాయస్థానాలు చెప్పిన సూత్రం ప్రకారం, ఒకే స్థితిలో ఉన్నవారిని ఒకేలా చూడాలి. వేర్వేరు స్థితుల్లో ఉన్నవారిని యాంత్రికంగా ఒకేలా చూడటం సమానత్వం కాదు. అంటే ‘ఒకేలా’ చూడటం అన్ని వేళలా ‘సమానంగా’ చూడటం అవదు. ఈ వాదాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు రెండు చోట్లా ‘సమానంగా’ అని రాసేస్తే వాదం మొత్తం కూలిపోతుంది. ‘ఒకేలా’, ‘సమానంగా’ అన్న రెండు మాటలను విడివిడిగా నిలపడం అనువాదకుల ధర్మం.

‘ఈవెన్’ ఒకప్పుడు సరిగ్గా అన్న అర్థంలోనే ఉండేది. చదునైనది, ఎత్తుపల్లాలు లేనిది అన్నది దాని మొదటి అర్థం. నేడు క్రియా విశేషణంగా ‘సైతం’ అన్న అర్థమే ఎక్కువ. పాత అర్థం ‘ఈవెన్ యాజ్’ వంటి జంటల్లో మాత్రమే మిగిలింది. లెక్కల్లో మాత్రం రెండు భాషలూ ఆశ్చర్యంగా ఒకే చోట నిలిచాయి: రెండుతో శేషం లేకుండా భాగించగల సంఖ్య అక్కడ ‘ఈవెన్’, ఇక్కడ ‘సరి’. ‘వెరీ’ కూడా అంతే, నిజం అన్న మూలం నుంచి వచ్చి ‘ద వెరీ ప్లేస్’ అన్న చోట “ఆ చోటే” అవుతుంది.

ఈ మాటల్లో సగానికి పైగా చివర మోసే ‘లీ’ కూడా ‘ఓన్లీ’లో చూసిన ‘లీచ్’ సంతానమే, అంటే ఒడలు, రూపం అన్న అర్థం గలది. తెలుగు ‘గా’ ‘అగు’ ధాతువు నుంచి వచ్చింది. ఇంగ్లీషు క్రియా విశేషణం రూపంలోంచి పుడితే, తెలుగు క్రియా విశేషణం కావడంలోంచి పుట్టింది. అక్షరం అన్న అర్థంలోంచి పుట్టినది ‘లిటరల్లీ’. తెలుగులో దానికి జోడీ ‘అక్షరాలా’ అనుకుంటాం గానీ, రెండూ వేర్వేరు పనులు చేస్తున్నాయి. “అక్షరాలా పది లక్షలు” అన్న మాట మొత్తం మీద ఒట్టు వేస్తుంది, చెక్కు మీది ‘మాత్రమే’కు దగ్గరగా. ‘లిటరల్లీ’ మాత్రం ఇది అలంకారం కాదు, వాచ్యార్థం అని చెప్పడానికి పుట్టి, అలంకారానికే ఒత్తునిచ్చే మాటగా మారిపోయింది. ఆ వాడుకను ఇప్పుడు నిఘంటువులు సైతం నమోదు చేస్తున్నాయి. అక్షరాన్ని వదలకుండా పాటించడాన్ని చెప్పాలంటే తెలుగులో “తు.చ. తప్పకుండా” అన్నంత చక్కని మాట లేదు. సంస్కృత శ్లోకంలో పాదం నింపడానికి వచ్చే ‘తు’, ‘చ’ అన్న అతి చిన్న అవ్యయాలు కూడా జారిపోకూడదని దాని భావం. ‘టు ద లెటర్’ అన్న ఇంగ్లీషు మాట అక్షరం దగ్గర ఆగింది. తెలుగు మాట అర్థం లేకపోయినా పరవాలేదనిపించే అక్షరాన్ని కూడా కాపాడింది.

చివరగా, కచ్చితత్వపు మాటలన్నీ ఏదో ఒక నాటికి ‘అవును’ వైపు నడుస్తాయి. ఎదుటివారి మాటకు జవాబుగా ఇంగ్లీషులో ‘ఎగ్జాక్ట్‌లీ’ అన్నా, ‘ప్రిసైస్‌లీ’ అన్నా, ‘క్వైట్’ అన్నా, ‘రైట్’ అన్నా తూకం ఏమీ జరగదు, అంగీకారం జరుగుతుంది. ఫారసీలో ఎదకు ఎద ఆనినట్టు సమానంగా ఉండటాన్ని చెప్పే ‘బరాబర్’ ఉర్దూ మీదుగా తెలంగాణ తెలుగులోకి వచ్చి, సమానం అన్న అర్థాన్ని కొంత మిగుల్చుకుంటూనే “బరాబర్ వస్త” అన్నప్పుడు తప్పకుండా అన్న అర్థానికి చేరింది. తెలుగు ఈ నడకను ఎప్పుడో పూర్తి చేసింది. సమానమైనది ‘సరి’, దానికి అవధారణపు ‘ఏ’ తగిలితే ‘సరే’. రోజుకు ఎన్నిసార్లో పలికే ఆ మాటలో తూకమూ ఉంది, తోకా ఉంది. ఇంగ్లీషులో దానికి ఇచ్చే ‘ఓకే’లో ఆ రెండూ లేవు.